ఎరేజర్ పక్కన పెట్టండి: తాతయ్య ఫోటోతో లేయర్లు నేర్చుకోవడం

మీరు అడిగింది ఇది: ఫోటోషాప్ మొదలుపెట్టి నెలయింది. వీడియో చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది, సొంతంగా కూర్చుంటే లేయర్ల దగ్గర చిక్కు పడుతుంది. బ్రష్ గీస్తే పడదు, పేరు జరపబోతే ఫోటో జరుగుతుంది, ఎరేజర్‌తో చెరిపింది మర్నాడు తిరిగి రాదు. తాతయ్య పాత ఫోటో బాగుచేసి సంవత్సరీకానికి ఫ్రేమ్ కట్టించాలి. ఈలోగా లేయర్లు ఎలా పట్టుకోవాలి?

నేను ఇరవై ఏళ్ళు దాటి ఇదే పనిలో ఉన్నాను. స్టూడియోలో టచింగ్‌తో మొదలుపెట్టి, ఫ్లెక్సులు, పెళ్ళి కార్డులు చేసి, ఇప్పుడు ఎక్కువగా పాత ఫోటోలే చూస్తున్నాను. మీ తాతయ్య ఫోటో చేతిలో ఉంది కాబట్టి వేరే అభ్యాసాలు వద్దు. దాని మీదే నేర్చుకోండి.

లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన గాజు పలకలని అందరూ చెబుతారు. అందులో తప్పేం లేదు. కాకపోతే ఎప్పుడు కొత్త పలక తీసుకోవాలో ఆ పోలిక చెప్పదు, మీ చిక్కంతా అక్కడే. నా లెక్క ఒకటే: రేపు ఎవరైనా వచ్చి ఏది మార్చమంటారో, అది విడి లేయర్‌లో ఉండాలి. ఆ ఎవరైనా కస్టమర్ కావచ్చు, మీ అమ్మ కావచ్చు, రేపు పొద్దున్న కళ్ళు తేటపడ్డాక మీరే కావచ్చు.

ఈ లెక్క నాకు ఊరికే రాలేదు. 2004లో ఒక పెళ్ళి ఫ్లెక్స్ చేశాను, పదడుగులు బై ఆరడుగులు. 72 డీపీఐలో, అంటే అంగుళానికి 72 చుక్కల లెక్కన పెడితే 8640 బై 5184, అంటే దాదాపు నాలుగున్నర కోట్ల పిక్సెళ్ళు. నిండుగా ఉన్న ఒక్కో లేయర్ 134 ఎంబీ తింటుంది. నా మెషీన్ ర్యామ్ మొత్తం 256 ఎంబీ. ఐదారు లేయర్లయ్యేసరికి మౌస్ కూడా కదల్లేదు. ఇక లాభం లేదని అన్నీ కలిపేసి, అంటే ఫ్లాటెన్ కొట్టేసి, దాని మీదే సేవ్ చేసేశాను. రాత్రి పది దాటాక పెళ్ళికూతురి తండ్రి వచ్చి, ఆహ్వానించువారి పేర్లలో మా పెద్దన్నయ్యది రెండో వరుసలోకి పోయింది, పైకి రావాలి, లేకపోతే ఆయన పందిట్లోకే రాడు అన్నారు. రెండు పేర్లు అటూ ఇటూ చేయడం, అంతే. కానీ అక్షరాల కింద పూలు, రంగుల జల్లు, అన్నీ ఒకే ముద్దయి కూర్చున్నాయి. తెల్లవారుజామున మూడింటిదాకా కూర్చుని మొత్తం మళ్ళీ చేశాను.

మీకు ఆ కష్టం లేదు. పోస్ట్‌కార్డ్ సైజు ఫోటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400 బై 3600 వస్తుంది, నిండు లేయర్ ఒకటి 26 ఎంబీ. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి ఇలాంటివి ఇరవై ఉన్నా పెద్ద బరువు కాదు. కాబట్టి పని మధ్యలో లేయర్లు కలిపేయడానికి మీ దగ్గర కారణమే లేదు.

“అండూ ఉంది కదా, హిస్టరీ ఉంది కదా” అంటారేమో. ఫోటోషాప్ 1990లో వచ్చింది. లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి. వెనక్కి చాలా అడుగులు వేయనిచ్చే హిస్టరీ ప్యానెల్ 1998లో ఐదో వెర్షన్‌తో గానీ రాలేదు. అంటే ఒక్క అండూతో బతికిన రోజుల్లో లేయరే దిక్కు. ఇప్పటికీ హిస్టరీ మామూలుగా 50 అడుగులే గుర్తుపెట్టుకుంటుంది, అందులో ఒక్కో బ్రష్ గీత ఒక్కో అడుగు. మచ్చలు తీస్తూ కూర్చుంటే 50 గీతలు రెండు నిమిషాల్లో అయిపోతాయి. పైగా ఫైల్ మూస్తే హిస్టరీ పోతుంది, లేయర్ ఉంటుంది. నిన్న చెరిపింది ఇవాళ తిరిగి రాకపోవడానికి కారణం అదే.

ముందు ప్యానెల్ చదవడం నేర్చుకోండి. ఎఫ్7 నొక్కితే లేయర్స్ ప్యానెల్ వస్తుంది. మీరు ఏం చేసినా, రంగు మారి కనిపిస్తున్న లేయర్ మీదే జరుగుతుంది. తెర మీద మీరు చూస్తున్న దాని మీద కాదు. ఇది చేతికి అలవాటయ్యేదాకా, ఏ టూల్ పట్టుకున్నా ముందు ఒకసారి కుడివైపు చూడండి. డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు అద్దం చూసినట్టు. పేరు జరపబోతే ఫోటో జరగడానికి కారణం సాధారణంగా మూవ్ టూల్‌లో ఆటో సెలెక్ట్ టిక్ అయి ఉండటం. అది ఉంటే మీరు ప్యానెల్‌లో ఏది ఎంచుకున్నా, మౌస్ కింద ఏది దొరికితే దాన్ని లాగుతుంది. తీసేయండి. ఎప్పుడైనా కావాలంటే కంట్రోల్ పట్టుకుని బొమ్మ మీద క్లిక్ చేస్తే చాలు, ఆ లేయర్ దొరుకుతుంది.

బ్రష్ పడకపోతే నేను చూసే వరుస ఇది. ఎక్కడో చిన్న సెలెక్షన్ మిగిలిపోయిందా (కంట్రోల్ + డి కొట్టండి)? ప్యానెల్‌లో లేయర్ పక్కనుండే కన్ను గుర్తు మూసి ఉందా? ఎంచుకున్నది టెక్స్ట్ లేయరా? బొమ్మ బదులు పక్కనున్న మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే తెర, దాని సంగతి కింద చెబుతాను) ఎంపికై ఉందా? వందలో తొంభైసార్లు ఈ నాలుగింట్లో ఒకటి.

ఇక ఫోటో. నలుపు తెలుపు ఫోటో అయినా స్కాన్ మాత్రం రంగుల్లోనే చేయండి, టిఫ్‌గా దాచండి. ఎందుకంటే పాత ఫోటోల మీద చెమ్మ మరకలు పసుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి. ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వాటాలని విడివిడిగా చూపించే ఛానెల్స్ ప్యానెల్ తెరిచి ఒక్కొక్కటి చూడండి. బ్లూలో మరక నల్లగా మొహం మీద కొట్టినట్టు కనిపిస్తుంది, రెడ్‌లో దాదాపు మాయమవుతుంది. ఆ రెడ్ ఛానెల్‌ని కాపీ చేసి పైన లేయర్‌గా పెట్టుకుంటే, గంట పట్టే టచింగ్ సగం అక్కడే అయిపోతుంది. గ్రేలో స్కాన్ చేసినవాళ్ళకి ఈ అదృష్టం ఉండదు.

అడుగునున్న బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌ని ముట్టుకోవద్దు. దానికి తాళం గుర్తు ఉన్నది అందుకే అనుకోండి. దాని మీద, రెడ్ ఛానెల్ లేయర్ పెట్టుకుంటే దాని పైన, ఒక ఖాళీ లేయర్ తీసుకుని “మచ్చలు” అని పేరు పెట్టండి. హీలింగ్ బ్రష్ తీసుకుని, పైన వరుసలో సాంపిల్ అన్నచోట “కరెంట్ అండ్ బిలో” పెట్టండి. ఇప్పుడు బ్రష్ కింది ఫోటో నుంచి చర్మాన్ని తీసుకుంటుంది, దిద్దుబాటుని మాత్రం మీ ఖాళీ లేయర్‌లో వేస్తుంది. కింద ఫోటో కన్ను మూసి చూడండి: ఖాళీకి గుర్తుగా వచ్చే బూడిదగళ్ళ మధ్య మీరు వేసిన అతుకులు మాత్రమే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. నాకు తెలిసి లేయర్ అంటే ఏమిటో చాలామందికి నిజంగా తలకెక్కేది ఆ క్షణంలోనే.

అతుకుల్లో కూడా ముఖానిది వేరు, గోడ, బట్టలది వేరు. రెండు ఖాళీ లేయర్లు తీసుకోండి. ఎందుకో చెబుతాను. ఒకసారి ఒకావిడ వాళ్ళమ్మ ఫోటో తెచ్చారు. ముక్కు పక్కన, పెదవికి కొంచెం పైన చిన్న నల్లచుక్క. ఫోటో అంతా పురుగు తిన్న చుక్కలే, దీన్నీ వాటిలో జమకట్టి తీసేశాను. ముఖం పాలరాతిలా వచ్చింది, నాకు నేనే మెచ్చుకున్నాను. ఆవిడ తెర వంక చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “బాగుందండీ, కానీ మా అమ్మ కాదు” అన్నారు. అది పుట్టుమచ్చ. ముఖం అతుకులు విడి లేయర్‌లో ఉన్నాయి కాబట్టి దానికి మాస్క్ వేసి, నల్ల బ్రష్‌తో ఆ చోట ఒక్క చుక్క పెట్టాను. మచ్చ తిరిగి వచ్చింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, “ఆఁ, ఇప్పుడు అమ్మ” అన్నారు. నిమిషం పని. గంటసేపు చేసిన మిగతా టచింగ్ చెక్కుచెదరలేదు.

మాస్క్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే లేయర్లలో అసలు బలం అక్కడే ఉంది. మాస్క్ అంటే లేయర్ పక్కన కూర్చునే ఇంకో నలుపు తెలుపు బొమ్మ. అందులో తెల్లగా ఉన్నచోట లేయర్ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాక్కుంటుంది, బూడిదరంగులో సగం సగం. ఎరేజర్ పిక్సెల్‌ని పారేస్తుంది, మాస్క్ దాని మీద దుప్పటి కప్పుతుంది. దుప్పటి తీస్తే కింద అంతా అలాగే ఉంటుంది. అందుకే నెల రోజులు ఎరేజర్ ముట్టుకోవద్దంటున్నాను. డి నొక్కితే నలుపు తెలుపు రంగులు సిద్ధమవుతాయి, ఎక్స్ నొక్కితే ఒకదాని స్థానంలో ఇంకొకటి వస్తుంది. ఎక్కువ తుడిచారా, ఎక్స్ నొక్కి తెలుపుతో మళ్ళీ గీయండి. ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే తెర నిండా కనిపిస్తుంది. మనిషిని బ్యాక్‌గ్రౌండ్ నుంచి కత్తిరించేటప్పుడు చెవి పక్కన వదిలేసిన చుక్కలు, భుజం మీద తెగిన ముక్కలు అప్పుడు బయటపడతాయి. షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే మాస్క్ తాత్కాలికంగా ఆగుతుంది. రోజుకి నేను ఈ రెండూ ఎన్నిసార్లు చేస్తానో లెక్కలేదు.

వెలుగునీడల్ని ఒక గీత వంచి దిద్దే టూల్ కర్వ్స్. ఇమేజ్ మెనూలోని కర్వ్స్ వద్దు, అది పిక్సెల్‌నే మార్చేస్తుంది. లేయర్స్ ప్యానెల్ అడుగున సగం నలుపు, సగం తెలుపు గుండ్రం బొమ్మ ఉంటుంది. అక్కడి నుంచి కర్వ్స్ తీసుకుంటే అది అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా వస్తుంది, దానికి మాస్క్ కూడా వస్తుంది. మధ్యలో గీతని కొంచెం పైకి లాగండి, ఫోటో మొత్తం తేటపడుతుంది. ఇప్పుడు మాస్క్ మీద ఉండి కంట్రోల్ + ఐ కొడితే అది నల్లగా మారి, వెలుగంతా పోతుంది. అంచులు మెత్తగా ఉన్న తెల్ల బ్రష్‌ని ఫ్లో (రంగు పడే వేగం) 10 శాతంలో పెట్టి కళ్ళ గుంటల మీద, గడ్డం కింద మెల్లగా రెండు మూడుసార్లు తిప్పండి. నీడలో మునిగిన కళ్ళు బయటికి వస్తాయి. ఈ కర్వ్స్ లేయర్ ఎప్పుడూ అతుకుల లేయర్లకి పైనే ఉండాలి. కింద పెట్టి, పైన అతుకులు వేస్తే ఆ వెలుగు అతుకుల్లోకి ఎక్కుతుంది. రేపు కర్వ్స్ తగ్గిస్తే అతుకులు మాత్రం చర్మం మీద సున్నం చుక్కల్లా మిగులుతాయి.

ఈమధ్య అందరూ అడిగేది ఏఐతో ముఖం శుభ్రం చేసే యాప్‌ల గురించి. వాడొద్దని అనను. కానీ అవి మసకబారిన కంటిని బాగుచేయవు, కొత్త కన్ను గీస్తాయి. చక్కటి కన్నే, మీ తాతయ్యది కాదు. వాడితే దాన్ని అన్నిటికీ పైన ఒక లేయర్‌గా పెట్టి, ఒపాసిటీ (లేయర్ ఎంత గాఢంగా కనిపించాలో చెప్పే శాతం) 30కి దించి, కళ్ళు, నోరు మాస్క్‌తో మూసేయండి. చర్మం, చొక్కా వరకు దాని సాయం చాలు. కుదిరితే నానమ్మకి చూపించండి, ఆవిడని మించిన ప్రూఫ్ రీడర్ దొరకరు.

దండ. సంవత్సరీకం ఫోటో అంటే దండ అడుగుతారు. నెట్‌లో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో దొరికే దండ తెచ్చి, మల్టిప్లై మోడ్‌లో పెడితే తెలుపు మాయమవుతుందని ఏదో వీడియోలో చూసే ఉంటారు. నిజమే. మల్టిప్లై పేరుకు తగ్గట్టు పైరంగునీ కిందిరంగునీ గుణిస్తుంది. తెలుపు అంటే 255, అంటే లెక్కలో ఒకటి. ఏ సంఖ్యనైనా ఒకటితో గుణిస్తే అదే కదా, అందుకే తెలుపు కనిపించదు. సంతకం, రబ్బరు స్టాంపు లాంటివి కాగితం మీద నుంచి ఎత్తి పెట్టడానికి ఇంతకంటే సులువు లేదు. దండకి మాత్రం పనికిరాదు. పాత స్టూడియో ఫోటోల్లో తాతయ్యలందరికీ నల్లకోటు ఉంటుంది (కోటు చాలావరకు స్టూడియోదే, అది వేరే సంగతి). బంతిపువ్వు పసుపు 255, 200, 0 అనుకోండి, కోటు మూడూ 40. గుణించి 255తో భాగిస్తే వచ్చేది 40, 31, 0. పసుపు దండ కాస్తా బొగ్గుదండ అవుతుంది. కాబట్టి దండకి నార్మల్ మోడ్, తెల్లభాగానికి మాస్క్. మల్టిప్లై వాడాల్సింది దండ నీడకి. దండ లేయర్‌కి కింద ఒక ఖాళీ లేయర్ తీసుకుని, మల్టిప్లై పెట్టి, మెత్తటి నల్ల బ్రష్‌తో పూల అంచుల వెంట గీసి, ఒపాసిటీ 40 దగ్గర ఆపండి. నీడ ఏ పక్క పడాలో తాతయ్య ముక్కు నీడ చూసి నిర్ణయించండి. ఫోటోలో వెలుతురు ఎడమ నుంచి వస్తుంటే, దండ నీడ కూడా ఎడమకే పడి ఉన్న ఫ్రేములు ఊరంతా వేలాడుతుంటాయి.

దండని చిన్నది పెద్దది చేసే ముందు లేయర్ మీద రైట్ క్లిక్ చేసి స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చుకోండి. మామూలు లేయర్‌ని చిన్నది చేస్తే పిక్సెళ్ళు పోతాయి, మళ్ళీ పెంచితే మసకే. స్మార్ట్ ఆబ్జెక్ట్ లోపల అసలు సైజు దాచుకుంటుంది.

పేరు, తేదీ, తిథి చివర్లో పెట్టండి. “లక్ష్మి” అని రాస్తే ఒత్తులు విడిపోయి పొల్లులు కనిపిస్తుంటే ఫాంట్‌ని తిట్టకండి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని పెట్టాలి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే రామరాజ, మల్లన్న, మండలి, గిడుగు లాంటివన్నీ యూనికోడ్‌వే, ఉచితం. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో రాస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిచి దిద్దబోతే తెలుగు పోయి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలొస్తాయి. బయటికి ఇచ్చే ఫైల్‌లో కన్వర్ట్ టు షేప్ చేసి అక్షరాలని బొమ్మలుగా మార్చండి, కానీ కాపీలో మాత్రమే. మీ దగ్గరున్న అసలులో టెక్స్ట్ టెక్స్ట్‌గానే ఉండాలి. తిథి తప్పు పడిందని ఎవరో ఒకరు తప్పక చెబుతారు.

సేవ్ రెండు రకాలు: పీఎస్‌డీ మీకు, జేపీజీ ల్యాబ్‌కి. లేయర్లని దాచేది మొదటిదే. 2400 బై 3600 అంటే 8 బై 12 అంగుళాల ఫ్రేమ్‌కి సరిగ్గా 300 డీపీఐ వస్తుంది. 12 బై 18 కట్టిస్తే 200కి దిగుతుంది, గోడ మీద చూసే ఫోటోకి అదీ బాగానే ఉంటుంది. లేయర్లకి పేర్లు కూడా పెట్టండి. “లేయర్ 1 కాపీ 4” అంటే ఏమిటో వారం తర్వాత మీకే తెలియదు.

ఫోటోషాప్‌కి నెలనెలా డబ్బు కట్టలేకపోతే అలాంటిదే గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇప్పుడు చెప్పినదాంట్లో చాలాభాగం అందులోనూ ఉంది. రెండు చోట్ల మాత్రం కొత్తవాళ్ళు ఆగిపోతారు. జేపీజీని తెరిచి చెరిపితే పారదర్శకం కాకుండా తెల్లరంగు వస్తే, లేయర్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ ఆల్ఫా ఛానెల్ కొట్టాలి. అతికించిన బొమ్మ చుట్టూ చుక్కల గీత దాటి బ్రష్ పడకపోతే, లేయర్ టు ఇమేజ్ సైజ్ చేయాలి. సేవ్ అంటే అక్కడ ఎక్స్‌సీఎఫ్ ఫైలే, జేపీజీ కావాలంటే ఎక్స్‌పోర్ట్. 2025 మార్చిలో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ఫిల్టర్లు కూడా తర్వాత మార్చుకునేలా లేయర్‌కి అంటిపెట్టుకుని ఉంటాయి, పాతది ఉంటే మార్చుకోండి.

స్కాన్ చేసే ముందు ఒక్క సంగతి చూసుకోండి. ఫోటో ఏళ్ళ తరబడి ఫ్రేములో ఉండి అద్దానికి అంటుకుపోయిందేమో చూడండి. అంటుకుంటే లాగొద్దు. ముఖం పైపొర అద్దం మీదే ఉండిపోతుంది, దాన్ని ఏ లేయరూ వెనక్కి తేలేదు. అద్దాన్ని బయటివైపు మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ పక్క వెలుతురులో, మీ వెనకాల నల్లదుప్పటి ఒకటి కట్టుకుని, ప్రతిబింబం పడకుండా అద్దంతో సహా కెమెరాతో ఫోటో తీసుకోండి. మిగతాది అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.